కరెంటు పోయిన ముప్పావుగంట

కరెంటు పోయింది.
పదకొండు పాలిష్ మిషన్లు ఒక్కసారే నోరు మూసుకున్యాయి.
మాకు చెవులుండాయని
అప్పుడే గుర్తొస్తాది తాడిపత్రిలో.
నాపరాతి పొడి నిదానంగా గాల్లోంచి దిగి
దస్తగిరి రెప్పల మీద కూర్చునింది.
వాడు తుడుచుకోడు, తుడిస్తే మంట.
చెయ్యి మాత్రం ప్యాంటుకు రుద్దుకొని
అద్దం పగిలిన ఫోను బయటికి తీసినాడు.

మొదట చేప.
సముద్రం అడుగున యాడనో
నెత్తిన దీపం పెట్టుకొని ఈదుతాదంట.
"మన కరెంటాఫీసు కంటే అదే నయం" అనింది ఓబుళమ్మ.
తర్వాత ఒక హీరో.
కొత్త సినిమాకు గడ్డం పెంచినాడంట,
బాగుందని కొందరు, బాగలేదని కొందరు
ఊర్లకు ఊర్లే కొట్టుకుంటాండారంట.
"ఇరవై దినాలు గొరక్కపోతే మా ఆయనకూ వస్తాది,
ఎవురూ పోస్టరెయ్యరు" అనింది షేకున్‌బీ,
టిఫిను మూతలో మిగిలిన ఉగ్గాని నా పక్కకు తోస్తా.

ఆక్టోపస్‌కు మూడు గుండెలంట.
దీనికి మాత్రం ఎవురూ నవ్వలే.
దస్తగిరి వాళ్ల నాయనకు పోయిన నెల అనంతపురంలో
ఉన్న ఒక్కదానికే స్టెంటేసినారు.
"మూడుంటే మూడు బిల్లులు"
చివరికి వాడే అన్యాడు,
బొటనవేలితో దాన్ని పైకి తోసేసినాడు.

అప్పుడొచ్చింది ఆ బొమ్మ.
తలుపంత గుడ్డ. అంతా బూడిద రంగు.
పైనుంచి కిందికి, రవ్వంత వంకరగా, ఒక తెల్ల గీత.
అంతే.
కింద ధర.
సున్నాలు లెక్కబెట్టేదానికి ఓబుళమ్మ వేళ్లు మడిచింది,
ఒక చెయ్యి సరిపోలే.
బొమ్మ పేరేమంటే, పేరు లేదంట.
"పేరు పెట్టేదానికి గూడా బద్ధకమా నాయనా!"
"మా పిల్లోడు గోడ గీకినాడని వీపు చీరినానే,
ఎంత తప్పు చేసినాను!"
"కొన్నోని ఇంట్లో ఆడోళ్లు ల్యారా, అడగల్యా?"
నేనూ ఏదో అన్యాను, అందరూ నవ్వినారు.
ఏమన్యానో ఇప్పుడు గుర్తు ల్యా.
నవ్వితే పొడి లోపలికి పోయి
అందరం దగ్గింది గుర్తుంది.

లింగమయ్య ఫోను అడిగినాడు.
ముప్పై ఏండ్లు ఈ చప్పుట్లో పనిచేసి
మాటలు సగం మర్చిపోయిన మనిషి.
చెయ్యి బారగా చాపి
బండను చూసే మాదిరి చూసినాడు,
ఏటవాలుగా, వెలుతురు మీంచి జారేటట్టు.
స్క్రీన్ ఆరిపాయ. దస్తగిరి మళ్లా నొక్కినాడు.
ఇంకా చూసినాడు.
"ఇది తడిమీద ఉన్నప్పుడు తీసినారా,
ఆరినాంక తీసినారా?"

ఎవురు చెప్తారు?
దస్తగిరి వెతికినాడు.
గీసినోని వయసుండాది, కొన్న ఊరుండాది,
దాన్ని మోసుకుపోయిన పెట్టె బరువు గూడా ఉండాది.
అది మాత్రం ల్యా.

కరెంటొచ్చింది.
చేప, గడ్డం, మూడు గుండెలు, అన్ని సున్నాలు
దస్తగిరి జేబులో పడినాయి.
ఇంక ఎవురి నోరు కదిలినా మాట ఇనపడదు.

నా మిషను కిందికొచ్చిన నాలుగో బండలో తెల్ల నరం.
అట్లాంటివి రెండో రకం,
అడుగుకు నాలుగు రూపాయలు తక్కువ.
బాత్రూములకో గొడ్ల కొట్టాలకో పోతాయి.
సుద్దముక్కతో మూలన ఇంటూ గుర్తు పెట్టాల.
పెట్టినాను.

సాయంత్రం చేతులు కడుక్కొని వస్తాంటే
రెండో రకం గుట్ట కాడ లింగమయ్య, చేతిలో మగ్గు.
నా బండ మీద నీళ్లు పోసినాడు.
బూడిద నల్లబడింది.
గీత లేచి నిలబడింది.
మే నెల గదా, ఎంతసేపు?
అంచుల నుంచి ఆరుకుంటా ఆరుకుంటా
నడుమకొచ్చి మాయమాయ.
ఆయప్ప ఇంకో మగ్గు ముంచినాడు.

"ఆటో పోతాది పెద్దాయనా!" అని కేకేసినాను.
రాత్రి షిఫ్టోళ్లు అప్పటికే మిషన్లు తిప్పినారు.